జడ్జిగారి కునుకు

ఉదయగిరి బర్కతుల్లా వకీలుకు గొప్ప వాదనా లేదు, గొప్ప గొంతూ లేదు. ఆత్మకూరు కోర్టులో ఆయనకు పేరొచ్చింది పుస్తకం జారవిడవడంలో. నవ్వకండి, అదీ ఒక విద్యే.

అప్పటి జడ్జి పెంచలనరసింహంగారి తల్లి మంచాన పడి ఉండేది. రాత్రంతా ఆమెకు సేవ చేసి వచ్చే మనిషికి మధ్యాహ్నం కునుకు పట్టకుండా ఎలా ఉంటుంది? సాక్షి చెప్పేది జడ్జిగారే తన చేత్తో రాసుకోవాలి. కలం ఆగితే ఆ మాట లెక్కలోకి రాదు. లేపే ధైర్యం ఎవరికీ లేదు, నలుగురిలో ఆయన పరువు తీయడానికి మనసూ రాదు. అందుకని బర్కతుల్లా లావుపాటి లా పుస్తకాన్ని దభీమని కింద పడేసి, "చెయ్యి జారింది సార్, మన్నించండి" అనేవాడు. జడ్జిగారికీ తెలుసు. "జాగ్రత్త" అని మళ్ళీ కలం పట్టేవారు.

1978 ఎండాకాలంలో దుత్తలూరు బావి దావా విచారణకు వచ్చింది. బావి మొత్తం తనదేనంటాడు అంగడి సుందరరామయ్య. ఆయన వకీలు బర్కతుల్లా. చనిపోయిన తన భర్తకు అందులో సగం ఉందంటుంది పక్క చేని పెంచలమ్మ. కాగితం ఏదీ లేదు. ఆ నీళ్ళు పోతే ఆమె చేను బీడే. ఆమె తరఫున కొత్తగా నల్లకోటు తొడిగిన కుర్ర వకీలు రాజమోహన్.

రాజమోహన్ బోనులో ఉన్న సుందరరామయ్యను గద్దించలేదు. "పెంచలమ్మ మొగుడు ఎట్టాంటోడు?" అని మెల్లగా అడిగాడు. పెద్దాయన మనసు ఎక్కడికో వెళ్ళిపోయింది.

"బంగారంలాంటోడు. ఇద్దరం కలిసే తవ్వుకున్నాం ఆ బావి. చెరిసగం అనుకున్నాం."

కోర్టంతా విన్నది, జడ్జిగారు తప్ప. ఆయన తల వాలిపోయి ఉంది. రాజమోహన్ ఆగిపోయిన కలం వంకే చూస్తున్నాడు. తానేమన్నాడో తెలిసొచ్చిన సుందరరామయ్య, జడ్జిని చూసి, తన వకీలును చూసి కొద్దిగా నవ్వాడు. బర్కతుల్లా ఊరకుంటే చాలు, కేసు తమదే. ఊరకుందామనే అనుకున్నాడు కూడా. కానీ ఎదుటివాళ్ళ సాక్షి తడబడినప్పుడల్లా జారిన చెయ్యి ఈరోజు జారకపోతే ఎట్లా?

పుస్తకం పడింది. జడ్జిగారు ఉలిక్కిపడ్డారు. రాజమోహన్ అదే ప్రశ్న మళ్ళీ అడిగి, చెరిసగం మాట గుర్తు చేశాడు.

"నేనట్టా అన్లేదు సార్" అన్నాడు సుందరరామయ్య.

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "నాకు నిద్ర పట్టింది. తప్పు నాదే" అన్నారు అందరి ముందూ. ఆ మాటకు ఎవరూ తలెత్తలేకపోయారు. "బర్కతుల్లాగారూ, మీరు విన్నారా?"

బర్కతుల్లాకు భయమేసింది. "అన్నారు సార్. చెరిసగం అన్నారు."

జడ్జిగారు అది రాసుకున్నారు. తాను నిద్రపోయిన సంగతీ రాశారు. పెంచలమ్మకు సగం బావి దక్కింది.

"నువ్వు నా వకీలువా, ఆమె వకీలువా?" అని సుందరరామయ్య వరండాలో కేకలేశాడు. ఆ తర్వాత కలిగిరి, కొండాపురం వ్యాపారులు ఆయన గడప తొక్కలేదు. "నోరు మూసుకోనుంటే సరిపొయ్యేది గదా" అని భార్య బషీరున్నీసా సాధించేది. నిజం చెప్పాలంటే, చాలా రోజులు ఆయనకూ అలాగే అనిపించింది.

ఏళ్ళు గడిచాక ఒక పొద్దున సుందరరామయ్య కర్ర పొడుచుకుంటూ ఉదయగిరిలో ఆయన ఇంటికొచ్చాడు. కొడుకులు ఆస్తి కోసం కొట్టుకుంటున్నారట. వీలునామా రాయించాడు, దాని మీద సాక్షి సంతకం కావాలి.

"నెల్లూర్లో పెద్ద పెద్ద వకీళ్ళు ఉండారు గదా" అన్నాడు బర్కతుల్లా.

"ఉండారు. నేను పొయినాక నా మాట నేనన్నట్టే చెప్పేది నువ్వొక్కడివే."

"అయితే నా మీద కోపం పొయినట్టేనా?"

"యాడ పొయింది? సగం బావి పొయింది గానీ కోపం పోలా. మన పగ ఊరూరా తెలుసు. అందుకే గదా, నువ్వు చెప్తే నా కొడుకులైనా నమ్మేది."

బర్కతుల్లా కలం మూత తీశాడు.