గుమ్మడికాయకు మొదటి కత్తి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నన్ను చాపాడుకు కోడలిగా ఇచ్చారు. ఆ ఏడు దసరా పోయాక మా అమ్మ, అక్క జమ్మలమడుగు నుంచి నన్ను చూడటానికి మొదటిసారి వచ్చారు. ఇంట్లో మగవాళ్లంతా వేరుశనక్కాయల బండ్లు కట్టుకుని ప్రొద్దుటూరు వెళ్లిపోయారు. కూరకు మిద్దె మీద పండిన గుమ్మడికాయ ఒక్కటే ఉంది. నిండు గుమ్మడికాయకు మొదటి కత్తి మగవాళ్లే పెట్టాలని మా అత్త పట్టు. పుట్టింటివాళ్లకు ఉత్త సంగటి పెట్టాల్సి వస్తుందేమోనని నాకు ఏడుపొచ్చింది.

“పక్కింటి మామను పిలుచుకొద్దునా అత్తా?” అన్నాను.

“ఊర్లో మగోళ్లు యాడుండారే? అందరూ శెనిక్కాయలకే పోయినారు గదా!”

అంతలో అక్క చంకలోని పాలుతాగే బిడ్డ కేరుమన్నాడు. అత్త వాడివైపు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏమప్పా, మగోడివి నువ్వుండి కూడా ఏడుస్తాండావా? ఇట్లా రా!”

వాడి పిడికిలిని కత్తి పిడి మీద ఉంచి, పైన తన చెయ్యి వేసి కాయలోకి ఒక్క పోటు పొడిచింది. మా అమ్మ నవ్వి నవ్వి కూలబడిపోయింది.

ఆ మీదట ముక్కలు నేనే కోశాను. సగం పులుసు పెట్టాను. మిగతా సగంతో బెల్లం వేసి, పాలు పోసి, తాగేంత పలుచగా పాయసం కాచాను. లోటాల్లో పోస్తుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

“మొదట కాయ కోసిన మగోనికి!”

వేలితో వాడికి నాకించింది. వాడు చప్పరించి, ఇంకా కావాలని ఇల్లెగిరిపోయేట్టు అరిచాడు.