డబ్బాల గదిలో కట్లపాము

ఇవ్వాళ పొద్దున మా గేటు కాడ ఒక పార్సిల్ పెట్టి పోయిండ్రు. మాది కాదు, పక్కింటోళ్లది. వాళ్లు ఊర్ల లేరట, ఫోన్ చేసి "అక్కా, వానొచ్చేటట్టున్నది, జర లోపల పెట్టవా" అన్నరు. చిన్న అట్టడబ్బా, చెప్పుల జత పట్టేంత. నేను వంటింట్లకు పోయి అప్పాల కర్ర తెచ్చి, దాన్ని నాలుగు దిక్కులా తట్టి, వంగి చెవి పెట్టి విని, కాలితోని ఒక తన్ను తన్ని, అప్పుడు ఎత్తిన. డిగ్రీ చదివినదాన్ని. బస్సుల కండక్టరుతోని, రేషన్ షాపుల డీలర్‌తోని, ఆఖరికి పెండ్లి చూపులప్పుడు మా ఆయన తోని గూడ వాదించి గెలిచినదాన్ని. ఒక అట్టడబ్బా ముందు చెమటలు పట్టి నిలబడ్డ. మా ఆయన కుర్చీల కూసొని నవ్విండు. "అండ్ల ఏముంటదే, ఎవరిదో చీరనో చెంబో" అన్నడు. ఆయనకేం, నవ్వుతడు. ఆ దినం ఆయన భూమి కింద ఉన్నడు, బొగ్గు బాయిల, పొద్దుటి షిఫ్టుల. ఫోన్ పోని చోట. భూమి మీద ఏమైందో చూసింది నేను.

మా ఊరు టేకులపల్లి దాటినంక, అడవి రోడ్డు మీదికి వచ్చే కాడ ఉంటది. ఇంటి వెనక ముళ్లకంచె, కంచె వెనక పొదలు, పొదలు దాటితే వాగు, వాగు దాటితే ఇగ అంతా చెట్లే. పోయిన వానాకాలం మా బిడ్డ కాన్పుకు వచ్చింది. బిడ్డ ఒక్కతే ఆటో దిగింది గని, ఆమె వెంట రావలసిన సామాను నెల రోజుల ముందు నుంచే రావట్టింది. మా అల్లుడు హైదరాబాద్‌ల కంప్యూటర్ నౌకరీ. మంచోడే, నేను అబద్ధం చెప్ప. లీవు దొరకలేదు పాపం. లీవు దొరకనప్పుడల్లా ఒక డబ్బా పంపిండు. మా బిడ్డ గూడ తక్కువ తినలేదు, నిద్ర పట్టనప్పుడల్లా ఫోన్ల వేలు పెట్టి ఏదో ఒకటి నొక్కేది. గులాబి రంగు స్నానాల టబ్బు వచ్చింది. బ్యాటరీతోని దానంతటదే ఊగే కుర్చీ వచ్చింది. పాల సీసాలు ఉడకబెట్టే మిషను, ఉడికిన సీసాలు ఆరబెట్టే స్టాండు, తుడిచే తడి కాయితాలు వెచ్చబెట్టే మిషను, నడక నేర్పే బండి. ఇంకా పుట్టని పిల్లకు, పాకేటప్పుడు మోకాళ్లు ఒరుసుకపోకుండా తొడుగులు గూడ వచ్చినయ్. నేను కొన్నవి వేరే. అవి అవసరమైనవే. ఒక దోమతెర, అది ఉతికితే ఉండాలె గదా అని ఇంకొకటి, రెండు కొంటే మూడోది సగం ధరకు ఇస్తమన్నరని ఇంకొకటి. దీని మీద ఎవరన్నా వాదనకు వస్తే నేను ఇప్పటికీ రెడీ.

మా అత్తకు ఈ కథ మొదటి డబ్బా నాడే నచ్చలేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నది మీ యవ్వారం" అన్నది. పురుడు కాకముందు ఒక్క నూలుపోగు గూడ కొనొద్దని ఆమె పట్టు. పుట్టినంక గూడ మొదటి బట్ట కొత్తది కాకూడదు, పెద్దోళ్లు కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరనే కావాలె. తన చీర ఒకటి చింపి, ఉడకబెట్టి, ఎండేసి, మడతలు పెట్టి సంచిల పెట్టుకున్నది. నేను ఊకుంటనా? "ఇన్‌ఫెక్షన్ వస్తే నువ్వు చూస్తవా?" అన్న. "నీ మొగణ్ణి ఇసొంటి చీరలనే సాదిన, వానికేమొచ్చింది?" అన్నది. "ముక్కు మీద కోపమొచ్చింది" అన్న. ఆమె పండ్లు లేని నోటితోని నవ్వి, "అది చీరతోని రాలే, నీతోని వచ్చింది" అన్నది. మా ఇంట్ల నా నోటికి సరిపోయేది ఆ ఒక్క నోరే.

మనవరాలు పుట్టింది. మా అత్త రోజూ కాళ్లు చాపుకొని పీట మీద కూసొని, పసిదాన్ని పిక్కల మీద బోర్లేసుకొని స్నానం పోసేది. టబ్బుల పండుకోబెట్టబోతే అది గొంతు చించుకునేది. అందుకని టబ్బుల ఒక్కసారే, నీళ్లు లేకుండా, నెత్తిన పూల పట్టీ కట్టి, అల్లునికి ఫోటో తీసి పంపినం. మళ్ల టబ్బును దాని డబ్బాల పెట్టి, ఆ డబ్బాను మిగిలిన డబ్బాల మీద పెట్టినం. ఉయ్యాల తొట్టి కొన్నరు గని, పిల్లను వేద్దామంటే అండ్లనే డబ్బాలున్నయ్. గదిల మంచం చుట్టూ నడుమెత్తు సామాను. ఉత్త అట్టలన్నీ వెనక కంచె కాడ పేర్చిన, పాత సామానాయన వస్తే వేద్దామని. ఆయన రాలేదు. వాన వచ్చింది, అట్టలు నానినయ్, ఎలుకలు వచ్చి పిల్లల్ని పెట్టినయ్. ఎలుకలున్న కాడికి ఎవరొస్తరో అడవి అంచున పుట్టిపెరిగిన నాకు తెలువదా? తెలుసు. రేపు తీద్దామనుకున్న.

ఆ పొద్దున ముసురు పట్టింది. పసిదాని తువ్వాల కోసం ఆ గదిలకు పోయిన. మంచం మీద తల్లీపిల్లా పండుకున్నరు. తువ్వాల కోసం వంగితే, మంచం కోడు పక్కన నల్లగ, తళతళ, సన్నటి తెల్ల పట్టీలున్నది ఒకటి, తడి నేల మీద నూనె జారినట్టు జారి, డబ్బాల సందుల కలిసిపోయింది. కనబడ్డది తోకనే. అది చాలు. నాగుపామైతే బుస కొట్టి, పడగెత్తి, ఇంత మర్యాద చూపిస్తది. కట్లపాము చెప్పదు. కుడితే చీమ కుట్టినంత గూడ కాదంటరు. నిద్రలున్నోళ్లు నిద్రలనే పోతరు. అప్పుడు నాకు యాదికొచ్చింది, పసిది తెల్లారినంక పాలకు లేవలేదు. అప్పటిదాక "ఇవ్వాళ మంచిగ పండుకున్నది" అని సంబురపడ్డ.

అరవలేదు. అరుద్దామంటే నోరు రాలేదు. ఒక్క ఊపుల పిల్లను ఎత్తి, బిడ్డ చెయ్యి పట్టి గుంజుకుంట వాకిట్లకు వచ్చిన. పసిదాని మెడ ఎనక్కు వాలింది. అరికాలు మీద వేలితోని కొట్టిన. ఉలకలేదు. ఇంకోటి కొట్టిన. మా బిడ్డ "ఏందమ్మా, ఏమైందే, చెప్పవేందే" అని నా భుజం పట్టి ఊపుతున్నది.  మా అత్త వచ్చి పిల్లను నా చేతుల నుంచి గుంజుకొని, చెవి తమ్మె నలిపి, చన్నీళ్లు మొఖం మీద చల్లింది. అప్పుడు ఏడ్చింది. గట్టిగ కాదు, పిల్లికూన లెక్క. ఆ సన్నటి ఏడుపు నిద్రదా, విషందా? ఎవరు చెప్పాలె?

ఎదురింటి చాచాది వెల్డింగ్ షాపు. మా పెండ్లి కాకముందు నుంచి ఉన్నడు ఈ వాడల. నేను "పాము" అన్న ఒక్క మాటకు చాచీ చెప్పులు గూడ వేసుకోకుండ వచ్చి, మా బిడ్డనూ పసిదాన్నీ ఆటోల ఎక్కించుకొని కొత్తగూడెం దవాఖానకు పోయింది. నేనూ పోదునేమో గని, ఆ గదిల అది ఉండంగ ముసలామెను ఒక్కదాన్ని ఎట్ల విడుస్తం? చాచా పొడుగు ఇనుప చువ్వ, టార్చిలైటు పట్టుకొని గుమ్మంల నిలబడి లోపలికి చూసిండు. చూసి, నా దిక్కు చూసిండు.

"బేటీ, ఇది ఇల్లా, గోదామా?"

"మాటలు తర్వాత చాచా, ముందు పామును చూడు."

"నేను చూస్త. నాకు కనబడాలె గదా. దానికి మాత్రం నేను మంచిగ కనబడుతున్న."

ఆ మాటకు నా పిక్కల కాడ ఏదో పాకినట్టయింది. మా అమ్మగారిల్లు చర్ల దిక్కు. ఒక్కటే అర్ర. రెండు నులక మంచాలు, ఒక ట్రంకుపెట్టె, బట్టలకు ఒక దండెం, మూలకు నీళ్ల కుండ. చిన్నప్పుడు పాములు వచ్చేటియి, ఎన్నోసార్లు. మా నాయన గుమ్మంల నిలబడి ఒక్కసారి చూపు తిప్పితే ఐపోయేది, పాముకు దాసుకునే జాగ ఏది? అది గూడ మనలెక్కనే సిగ్గుపడి బయటికి పోయేది. అట్లాంటి ఇంట్ల పుట్టి, ఇవ్వాళ నా ఇంట్లనే నా కండ్లు నాకు పనికిరాకుండ పోయినయ్.

ఒక్కొక్క డబ్బాను చువ్వతోని గుంజుడు, వాకిట్ల పడేసుడు, దూరం జరిగి చూసుడు.  మా అత్త వాకిట్ల మంచం మీద కూసొని ఒక్కో దాన్ని అడుగుతున్నది. "ఇదేందే?"

"తడి కాయితాలు వెచ్చబెట్టే మిషనత్తా."

"కాయితాలకు సలి పెడ్తదా?"

 నా పానమంతా చేతిలున్న ఫోన్ మీద ఉన్నది. ఆటో ఎక్కడిదాక పోయిందో, పిల్ల కండ్లు తెరిచిందో లేదో. ఫోన్ చేద్దామంటే భయం, చెయ్యొద్దంటే భయం. వాడోళ్లు గేటు అవతల నిలబడి పాము కోసం చూస్తున్నరో, మా సామాను కోసం చూస్తున్నరో తెలుస్తలేదు. ఊగే కుర్చీ డబ్బాను చాచా గుంజితే, చిరిగిన మూల నుంచి ఉల్లిపొర లెక్కటిది ఒకటి వేలాడింది. కుబుసం. మొత్తం ఒలిచి, లోపలి థర్మోకోలు నడుమ మెత్తగ పెట్టి పోయింది. అంటే అది ఇవ్వాళ వచ్చిన చుట్టం కాదు. ఎన్నిరోజుల నుంచో మా పసిదాని మంచం పక్కన కాపురమున్నది. నేను లైటు బందు చేసి "పండుకోండి" అని తలుపు దగ్గరేసి పోయిన ప్రతి రాత్రీ అది అక్కడనే ఉన్నది. 

టబ్బు డబ్బా కదిలిచ్చినప్పుడు పాము బయటికి వచ్చింది. చాచా కొట్టిండు. దెబ్బ టబ్బుకు తాకి అంచు ఫట్టుమని పగిలింది, పాము గడప దాటింది. వాకిట్ల సామాను నడుమ నుంచి, మా అత్త మంచం కింది నుంచి పోయింది. మా అత్త కాళ్లు మీదికి తీసుకున్నది, అంతే. కంచె కింద దూరి, పొదల కలిసింది. మేము ముగ్గురం అట్లనే చూస్తున్నం. అప్పుడు ఫోన్ మోగింది.

"అమ్మా, డాక్టర్ చూసిండు. కాటు ఎక్కడా లేదట. పొద్దుమీకేదాక ఇక్కడనే ఉంచుమన్నరు."

"పాలు తాగిందా?"

"తాగింది. ఇప్పుడు ఏడుస్తున్నది, విను."

విన్న. అంత గట్టి ఏడుపును అంత ఇష్టంగ నేను ఎప్పుడూ వినలేదు. నేనూ ఏడ్చిన. ఏడ్చినంక కోపమొచ్చింది, పాము మీద కాదు.

ముసురు కాస్తా పెద్దవాన అయింది. వాకిట్ల సామాను తడుస్తుంటే ఎవరమూ లేవలేదు. లోపలికి తెచ్చే ధైర్యం నాకు లేదు, తీసుకపోండ్రి అంటే వాడోళ్లు గూడ చేతులెత్తి దండం పెట్టిండ్రు, "కట్లపాము కుబుసమిడిచిన సామాను పిల్లలున్న ఇంట్లకొద్దక్కా" అని. మా అల్లుడు ఫోన్ చేసి ఏడ్సుడొక్కటే తక్కువ. "అత్తయ్యా, మీరేం ఫికర్ చేయకండి, అన్నీ మళ్లీ కొత్తవి ఆర్డర్ పెడత" అన్నడు. అప్పటిదాక పడిపోయిన నా నోరు అప్పుడు లేచింది. "నాయనా, డబ్బా పంపకు. నువ్వు రా" అన్న. తెల్లారేసరికి వచ్చిండు, ఉత్త చేతులతోని. పిల్లను ఒళ్లె పెట్టుకొని దాని మోకాళ్లు తడుముకుంట కూసున్నడు. మా అత్త బోసిపోయిన గదిని ఈ గోడ నుంచి ఆ గోడ దాక చూసి, "పాము పోతే పోయింది గని, ఇల్లు కనబడ్డది" అన్నది. దూలానికి తన ఇంకో చీర కట్టి ఉయ్యాల వేసింది. నేను వాదించలేదు. ఇన్‌ఫెక్షన్ మాట ఎత్తలేదు. తడిసిన సామానంతా కిరాయి ట్రాక్టరోడు ఎత్తుకపోయిండు. ఎక్కడ పోస్తవని నేను అడగలే, వాడు చెప్పలే.

మొన్న మనవరాలిని ఒళ్లె కూసోబెట్టుకొని ఆటోల పోతుంటే చూసిన. ఊరు దాటినంక వాగు వంపు కాడ, టేకు చెట్ల కింద, గులాబి రంగు టబ్బు. అంచుకు చాచా కొట్టిన పగులు, లోపల వాననీళ్లు, నీళ్లల్ల దోమపిల్లలు. ఆటో ఆపమన్న గని దిగలేదు. దాని పక్కన రాలిన ఆకులు ఏడాది తిరిగేసరికే మట్టిలె కలిసినయ్, అట్టలు పుట్టగొడుగులకు ఎరువైనయ్. ఆ పాము గూడ ఈపాటికి ఏ గద్ద నోట్లనో పడే ఉంటది, దానికీ ఒక ఆయువున్నది గదా. ఈ ఏడాదిల మా అత్త నడుము ఇంకింత వంగింది, నా నెత్తి తెల్లబడ్డది, మనవరాలికి పండ్లొచ్చి, నడకొచ్చి, ఒళ్లెనుంచి జారి ఉరుకుతున్నది. టబ్బు మాత్రం, ఆ పగులు తప్ప, ఆ ఒక్క ఫోటోల ఎట్లున్నదో అట్లనే ఉన్నది. అట్టడబ్బాను కర్రతోని తట్టేది పాము భయంతోని అనుకుంటడు మా ఆయన. కాదు. పాము దాని తోవన అది పోయింది, డబ్బాల వచ్చింది పోదు, నా భయం అది. కాలం మా అందరినీ ముట్టుకుంట పోయింది, టబ్బును ముట్టలేదు. నా మనవరాలు ముసలిదై ఈ తోవన పోయిననాడు గూడ అది అక్కడనే, అదే రంగుల, ఎదురుచూస్తుంటది.