వేళ్లకు నేర్పుకున్న పాట

మా అన్న కీబోర్డు నేర్చుకున్నది మనిషి దగ్గర కాదు, కంప్యూటరు దగ్గర. అప్పుడతనికి ముప్పై ఏళ్లు. నేను వేలూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. నాయన పోయాక పదో తరగతి సగంలో మానేసి తాపీ పట్టుకున్న అన్న నన్ను చదివించాడు.

ఆ రోజుల్లో తమిళనాట మా గుడియాత్తంలో ఇళ్ల తీరే మారిపోతూ ఉంది. ఎర్రగచ్చు నేలలు పోయి మార్బుల్, టైల్స్ వచ్చాయి. ఎవరింటికి పోయినా కలర్ టీవీ, దాని ముందు మొహం కనపడేంత నునుపైన నేల. గోడలు కట్టే మేస్త్రీలు మావాళ్లలో వీధికి పదిమంది ఉన్నారు గానీ, వంకర లేకుండా టైల్స్ పరిచేవాళ్లు తక్కువ. అన్న ఆ పనిలోకి దిగాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కటింగ్ మిషను ముందరే. చెవులకు ఏమీ పెట్టుకునేవాడు కాదు. అట్లాంటివి ఉంటాయని కూడా మాకు తెలియదు. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద తెల్లటి పొడి ఉండేది.

పాటంటే అన్నకు ప్రాణం. మా వీధి భజన మందిరంలో హార్మోనియం పెద్దాయన పక్కన చిన్నప్పటి నుంచీ తాళాలు పట్టుకుని కూర్చునేవాడు. ఎవరి శ్రుతి తప్పినా ముందుగా తలెత్తి చూసేది అన్నే. అందుకే ఒడుగత్తూరులో పెళ్లి కచేరీలకు వాయించే ఒకాయన పాత కీబోర్డు అమ్మేస్తున్నాడని తెలిసి అన్న కొనుక్కొచ్చినప్పుడు మాకేమీ ఆశ్చర్యం కలగలేదు. దాని స్పీకర్లు కాలిపోయి ఉన్నాయి. నేర్పడానికి వేలూరులో ఒక మాస్టారు ఒప్పుకున్నాడు. రెండు వారాలకే అన్న మానేశాడు. ఎందుకని అడిగితే, "ఆయన టైముకు మన పని కుదరదు పాపా" అన్నాడు. నన్ను పాపా అనే పిలిచేవాడు.

ఆ నెలలోనే మా సెంటరుకు వచ్చిన సీడీల్లో కీబోర్డు పాఠాలది ఒకటి కనపడింది. కీబోర్డును వైరుతో కంప్యూటరుకు కలిపితే చాలు. తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది, ఏ మెట్టు నొక్కాలో అది నీలంగా వెలుగుతుంది. సరిగ్గా నొక్కితే పచ్చ, తప్పు నొక్కితే ఎరుపు. పాఠం చివర మార్కులు. నలభై పాఠాలు. వాయించిన శబ్దం కంప్యూటరు స్పీకర్ల నుంచి వస్తుంది కాబట్టి కీబోర్డు స్పీకర్లు పోయినా బాధ లేదు. అన్నకు ఇంగ్లీషు రాదు, కానీ వెలుగు చూసి నొక్కడానికి ఇంగ్లీషెందుకు? సెంటరు పెట్టిన సారు రిటైరైన హెడ్మాస్టరు, మంచి మనిషి. "ఆదివారం ఎట్లాగూ ఖాళీయే కదమ్మా, రమ్మను" అన్నారు.

అట్లా ప్రతి ఆదివారం పొద్దున ఇద్దరమూ గుడియాత్తంలో బస్సెక్కేవాళ్లం. అన్న ఒళ్లో కీబోర్డు, దానికి చుట్టిన అమ్మ పాత చీర.

ఆ సంవత్సరం ఇంట్లో మనశ్శాంతి లేదు. అమ్మకు అన్న మీద కోపం. "పిలిస్తే పలకడు. నాలుగు పెద్దిండ్లలో పని చేసినాడని పొగరొచ్చేసినాది వీడికి" అని వచ్చిన వాళ్లందరితో చెప్పేది. కె.వి. కుప్పంలో ఒక ఇంటాయన మనిషిని పంపి అన్నను వెనక్కి పిలిపించాడు. హాల్లో సగం టైల్స్ కింద సిమెంటు సరిగ్గా నిండక బోలుగా మోగుతున్నాయట. పరిచాక ఒక్కో టైలునూ కర్రతో తట్టి చూసుకునే మనిషి అన్న. ఆ టైల్స్ అన్నీ పీకి, మళ్లీ పరిచి వచ్చాడు. పని మీద శ్రద్ధ తగ్గిందని నేనూ అనుకున్నాను.

నా కోపం వేరు. నాకొక సంబంధం వచ్చింది. నాకు ఇష్టం లేదు. అమ్మతో చెప్పే ధైర్యం లేక, పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న అన్న వెనక నిలబడి, "అన్నా, నాకు ఈ సంబంధం వద్దు. నువ్వే ఎట్లయినా అమ్మకు చెప్పు" అన్నాను. అది చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. అన్న తిరిగి చూడలేదు. కాళ్లు కడుక్కుని, తువాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు మగపెళ్లివాళ్లను రమ్మని కబురు పంపాడు. ఆ సంబంధం వేరే కారణంతో తప్పిపోయింది గానీ, నెల రోజులు నేను అన్నతో మాట్లాడలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చునేవాళ్లం. సెంటరు తలుపు తీసి, కంప్యూటరు పెట్టి ఇచ్చి, పక్క గదిలోకి పోయి పేపర్లు దిద్దుకునేదాన్ని.

అట్లాంటి ఒక ఆదివారం, పేపర్లు దిద్దుతూ ఏదో తేడాగా అనిపించి తలెత్తాను. పాట వినపడటం లేదు. ప్లాస్టిక్ మెట్లు టక టక మంటున్న చప్పుడు మాత్రం వస్తోంది. లేచి తలుపు దగ్గరికి వెళ్లాను.

అన్న వాయిస్తున్నాడు. కాలు తాళం వేస్తోంది. మొహంలో చిన్న నవ్వు. తెర మీద మెట్లు ఒకదాని వెంట ఒకటి పచ్చగా వెలుగుతున్నాయి, ఒక్క ఎరుపు లేదు. గదిలో శబ్దం లేదు. ముందు రోజు పిల్లలకు ఏదో చూపించడానికి నేనే స్పీకర్లు తీసి పక్క టేబుల్ మీదున్న కంప్యూటరుకు పెట్టాను, మళ్లీ మార్చడం మరిచిపోయాను. అన్న అట్లా అరగంట నుంచి వాయిస్తున్నాడు.

పాఠం అయిపోయింది. నన్ను చూశాడు.

"ఎట్ల ఉండాది పాపా?"

నెల రోజుల తర్వాత నేను అతనితో మాట్లాడిన మొదటి మాట అబద్ధం. "బాగుండాది అన్నా" అన్నాను.

అతను మళ్లీ తెర వైపు తిరిగి ఇంకో పాఠం మొదలుపెట్టాడు. నేను వెనక నుంచి వెళ్లి స్పీకర్ల వైరు తెచ్చి తగిలించాను. శబ్దం పెద్దగా పెట్టి ఉన్నట్టుంది, ఒక్కసారిగా గది అదిరింది. నేను ఉలిక్కిపడ్డాను. అన్న తల కూడా తిప్పలేదు.

తిరుగు బస్సులో కాట్పాడి దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తున్న అన్నతో చిన్న గొంతుతో ఏదో అన్నాను. పలకలేదు. కొంచెం గట్టిగా అన్నాను. పలకలేదు. భుజం తట్టాను. తిరిగాడు.

"అన్నా, నీకు చెవులు వినపడవా?"

నా పెదవులనే చూశాడు. అప్పుడు తెలిసింది, ఎన్నో రోజులుగా మాట్లాడేటప్పుడు అతను కళ్లలోకి కాక నోటి వైపు చూస్తున్నాడని. దాన్నీ పొగరనే అనుకున్నాం.

"ఎప్పుడు కనిపెట్టినావు?" అన్నాడు.

"ఈ పొద్దు. ఎన్నాళ్లయింది?"

"రెండేండ్లుగా తగ్గతా ఉండాది. మొదట పిట్టల సద్దు పోయినాది. ఈ మధ్య దగ్గర నిలబడి అరిస్తే గానీ తెలవదు. ఆ మాస్టారు గూడా ఊరికే పంపించలేదు. చెప్పేదొకటి, వాయించేదొకటి అని కొట్టినంత పని చేసినాడు."

"మాకు యాల చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తారు? టైల్స్ బోలు పలికేది తెలవదని తెలిస్తే పని ఎవరిస్తారు?" చీర చుట్టిన కీబోర్డు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఇప్పుడు తలకాయలో పాటలన్నీ ఉండాయి పాపా. చెవి పూరా పోయినాక అవి గూడా పోతాయేమోనని భయం. వేళ్లకు నేర్పి పెట్టుకుంటే, యాడికీ పోవు కదా అని."

పెరట్లో నేను చెప్పిన మాట సంగతి అప్పుడు అతనికి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

వేలూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. చెవి పరీక్షకు ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటను ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. అద్దానికి ఇవతల మిషను దగ్గర ఒకమ్మాయి. నేను ఆమె వెనక నిలబడ్డాను. అన్న చక్కగా నొక్కుతూ పోతున్నాడు. నాకు ఆశ పుట్టింది. ఆ అమ్మాయి మాత్రం ఒకసారి అతని మొహం చూసి, తన చెయ్యి చూసుకుంది. తను మిషను తిప్పినప్పుడల్లా భుజం కదలడం చూసి అతను నొక్కుతున్నాడు. కుర్చీ జరుపుకుని, చేతులు కనపడకుండా తిరిగి కూర్చుంది.

ఆ తర్వాత అన్న బటను పట్టుకుని కూర్చునే ఉన్నాడు. చాలాసేపటికి ఒకసారి నొక్కాడు. మళ్లీ చాలాసేపు లేదు. అద్దంలోంచి నా వైపు చూశాడు, బళ్లో పలక మీద ఏమీ రాయలేకపోయిన పిల్లాడు చూసినట్టు. నేను తల దించుకున్నాను.

చెవి నరం చచ్చిపోతోందన్నారు. పుట్టుకతో కొంత బలహీనత ఉండొచ్చు, కటింగ్ మిషను శబ్దం దాన్ని తొందర చేసింది. మందు లేదు. చెవి మిషను ఇచ్చారు. దాంతో లోకమంతా రేకు మీద గులకరాళ్లు పోసినట్టు ఉందని రెండు రోజులు పెట్టుకుని తీసేశాడు.

అమ్మకు నేనే చెప్పాను. బియ్యం చేటతో అట్లాగే కూర్చుండిపోయింది. "నేను ఎన్నేసి మాటలంటిని వాడిని" అంది. ఆ తర్వాత, "అవన్నీ వాడికి వినపడలేదు గదమ్మా?" అంది. లేదన్నాను. వాటిలో ఎన్నింటిని అతను ఆమె పెదవుల మీద చదివాడో నాకు తెలియదు.

అన్న పాఠాలు మానలేదు. నలభయ్యో పాఠం రెండు చేతులతో వాయించి పూర్తి మార్కులు తెచ్చుకున్న వారం, అమ్మ తనూ వస్తానంది. నేనిచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. హెడ్మాస్టరు సారు కూడా వచ్చారు.

అన్న ఆ రోజు పాఠం పెట్టుకోలేదు. తెర మీద వెలుగులు వద్దన్నాడు. చిన్నప్పుడు మమ్మల్ని నిద్రపుచ్చడానికి అమ్మ పాడిన జోలపాట తనంతట తాను వేళ్లతో వెతుక్కున్నాడట. అదే వాయిస్తానన్నాడు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు.

మొదటి వేలు ఒక మెట్టు పక్కన పడింది. దాని వెంట మిగిలినవన్నీ పక్కకే పోయాయి. నడక అదే, తాళం అదే, ఎక్కడా తడబాటు లేదు. పాట మాత్రం అది కాదు. ఎవరో తెలియని మనిషి ఏడుస్తున్నట్టుగా ఉంది. సారు కిటికీ వైపు తిరిగారు. అన్న చివరిదాకా వాయించాడు.

"బాగా వాయించినావు నాయనా" అంది అమ్మ, అతనికి అర్థమయ్యేలా నిదానంగా.

అన్న ఆమె పెదవులు చూశాడు. తర్వాత ఆమె కళ్లు చూశాడు. నన్ను చూశాడు. నేను నవ్వడానికి ప్రయత్నించాను. చేతులు మెట్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సరి. పోదాం పదండి" అన్నాడు.

మళ్లీ సెంటరుకు రాలేదు. వస్తావా అని నేనూ అడగలేదు. ఏడాదికి ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చి సెంటరు మూతపడింది. కీబోర్డు ఆలంగాయంలో మా పిన్నమ్మ మనవడు తీసుకుపోయాడు. నాకు పలమనేరు సంబంధం కుదిరింది. ఈసారి అన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీకు ఇష్టమేనా, నా మొహం చూసి చెప్పు" అని అడిగాడు. తమిళ బళ్లో చదువుకున్న నేను పలమనేరుకు వచ్చాకే తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాను.

అన్న పని మానలేదు. టైలును తట్టి, అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి బోలు కనిపెట్టడం నేర్చుకున్నాడు. తెలిసిన ఇంటివాళ్లు పిలుస్తూనే ఉన్నారు. పెళ్లి మాత్రం వద్దన్నాడు.

అమ్మ పోయేముందు నాలుగు రోజులు ఆమెకు మాట రాలేదు. పెదవులు కదిలేవి, శబ్దం లేదు. నేను చెవి ఆమె నోటికి ఆనించినా గాలి తప్ప ఏమీ లేదు. నీళ్లా, మందా, దేవుడి పేరా అని చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒకటి ఊహించారు. మొదటి రోజు మధ్యాహ్నం పని నుంచి వచ్చిన అన్న మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని కాసేపు ఆమె నోటి వైపు చూశాడు.

"కాళ్లు చల్లగా ఉండాయంట. కప్పమంటా ఉండాది" అన్నాడు.

నేను దుప్పటి తెచ్చి కప్పాను. అమ్మ పెదవులు ఆగాయి. కొంచెం సేపటికి మళ్లీ కదిలాయి.

"పిన్నమ్మకు కబురు పంపినారా అని అడగతా ఉండాది."

పంపామని నేను చెప్పాను. ఆ తర్వాత అన్న పనికి పోలేదు. ఆమె ఏమన్నా మాకు చెప్పేవాడు, అడిగింది ఇచ్చేవాడు. చివరి రోజు ఆమె చాలాసేపు పెదవులు కదిలిస్తూనే ఉంది, అన్న మాకేమీ చెప్పలేదు. ఏమంటోందని అడిగాను.

"మాటలు కావు పాపా" అన్నాడు. "పాడతా ఉండాది."