ఖాదర్ కట్టిన గొట్టం

1984 జూన్‌లో నంద్యాలలోని ఒక డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్ర లెక్చరర్‌గా చేరాను. పాఠాలు చెబుతూనే హైదరాబాదులో ఒక ప్రొఫెసరు దగ్గర పీహెచ్‌డీకి నమోదయ్యాను. అంశం మెగ్నీషియం ఆక్సైడ్ గుచ్ఛాలు, అంటే కొద్ది పరమాణువులే చేరిన గుంపులు. పెద్ద స్ఫటికంలో మెగ్నీషియం, ఆక్సిజన్ ఎలా పేర్చుకుంటాయో పుస్తకాల్లోనే ఉంది. ఆరు మెగ్నీషియాలు, ఆరు ఆక్సిజన్లు మాత్రమే ఉంటే ఏ ఆకారంలో కుదురుకుంటాయి? కంటికి కనిపించవు, లెక్క కట్టి చెప్పాలి.

పద్ధతి ఇది. ఒక ఆకారాన్ని మనమే ఊహించి, పరమాణువుల స్థానాలను కార్డుల మీద రంధ్రాలుగా కొట్టించాలి. కంప్యూటరు ప్రతి పరమాణువునూ శక్తి తగ్గే వైపు కొంచెం కొంచెం జరుపుతుంది. ఇక తగ్గదన్నప్పుడు ఆగుతుంది. శక్తి ఎంత తక్కువైతే ఆకారం అంత స్థిరం. కార్డుల కట్ట బస్సులో హైదరాబాదు పోయేది, ఫలితం పోస్టులో వచ్చేది. కంప్యూటరు మీద మాకు వంతు అరుదుగా దొరికేది.

స్ఫటికంలోంచి ముక్క కోసినట్టు నేను ఇటుక ఆకారం ఇచ్చాను. దాదాపు ఇటుకే తిరిగొచ్చింది. సంతోషించాను.

ఎమ్మెస్సీ రోజుల్లో నాతో హాస్టల్ గది పంచుకున్న ఖాదర్ అప్పుడు ఆళ్లగడ్డ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. ఆదివారం వచ్చి ఫలితం చూశాడు.

"ఏమప్పా, ఇటుక పెట్టినావు, ఇటుకొచ్చింది. దీనికి కంప్యూటరెందుకు?"

ఇంతకంటే శక్తి తగ్గదని లెక్కే చెబుతోందన్నాను.

"ఎద్దును గుంజకు కట్టేసి, ఊర్లో ఈడ తప్ప యాడా గడ్డి లేదంటాండావ్."

మరుసటి ఆదివారం సంచిలోంచి ఒక నమూనా తీశాడు. ఆక్సిజన్లకు ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, మెగ్నీషియాలకు చిన్న నిమ్మకాయలు, మధ్యన చీపురుపుల్లలు. ఆరేసి కాయల ఉంగరాలు రెండు, ఒకదానిపై ఒకటి, పొట్టి గొట్టంలా. ఇటుకలో బంధాలు ఎక్కువ కదా అన్నాను. గొట్టంలో ఒకే జాతివి ఎడంగా ఉంటాయి, వికర్షణ తగ్గుతుందన్నాడు. నిజమైతే నీ పేరు కూడా వేస్తానన్నాను.

"పేరేం వద్దులే. ఇంట్లో అడుగుతారు, నా ఎర్రగడ్డలు నాకియ్యి" అని నవ్వాడు.

థీసిస్ సమర్పించే ముందు ఒకే వంతు మిగిలింది. గొట్టం గెలిస్తే ఒక అధ్యాయమంతా తిరగరాయాలి. నేను మళ్లీ ఇటుకనే పంపాను, దశాంశాలు ఇంకొంచెం చక్కబడతాయని.

"నా గొట్టమేమాయ?" అని ఖాదర్ అడిగాడు.

వంతు రాలేదన్నాను. అబద్ధం.

డిగ్రీ వచ్చాక, మరుసటేడు, గొట్టాన్ని లెక్కించాను. దాని శక్తి ఇటుకకంటే తక్కువ. నా థీసిస్‌కు సవరణగా ఒక పరిశోధన పత్రిక్కి పంపాను, నా ఒక్కడి పేరుతో. ఖాదర్ అప్పటికి సున్నిపెంటకు బదిలీ అయ్యాడు. పేరు వద్దని అతను ఆడిన హాస్యాన్ని అనుమతిగా తీసుకున్నాను. మొన్న నేను ముందుగానే పదవీ విరమణ తీసుకున్నప్పుడు, వీడ్కోలు సభలో ఆ గొట్టం నా ఊహేనని పొగిడారు. అందుకే ఇది రాస్తున్నాను.

లెక్క ఆగే చోటు మొదలుపెట్టిన చోటుకు దగ్గరి పల్లం. అంతకంటే లోతైనది పక్కనే ఉన్నా అక్కడి నుంచి కనిపించదు. ఏ గుచ్ఛానికైనా తమకు నచ్చని ఆకారం ఒకదాన్నుంచి కూడా లెక్క మొదలుపెట్టమని నా విద్యార్థులకు నియమం పెట్టాను. వాళ్లు దాన్ని నా పద్ధతి అంటారు. అది ఖాదర్‌ది.