జడ్జిగారికి ఇంటర్న్ తాత రాసిన ఉత్తరాలు

ఉత్తరం రాసింది నేను. కేసు పోగొట్టుకున్నది నా మనవరాలు. రాసినవాణ్ని ఒక్క మాట అడక్కుండా, పాపం ఎరగనిదాన్ని పక్కన పెట్టారు. ఆ వేసవంతా నా ఫిర్యాదు ఇదే.

అప్పుడు నేను అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. కార్ల కంపెనీలు కుదేలై రెండేళ్లయి ఉంటుంది. మనవరాలు లా మొదటి ఏడు ముగించి, వేసవికి డౌన్‌టౌన్‌లోని ఫెడరల్ కోర్టులో ఒక జడ్జిగారి దగ్గర ఇంటర్న్‌గా చేరింది. నేను చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా మున్సిఫ్ కోర్టు వరండాలో అర్జీలు రాస్తూ, ప్లీడర్లు పారేసిన పాత లా రిపోర్టులు తిరగేస్తూ సంపాదించుకున్నదే. ఎప్పుడో ఓడిపోయిన దావాలో మూడో సాక్షి ఏమన్నాడో ఇప్పటికీ అప్పజెప్పగలను. అలాంటివాణ్ని పగలంతా చప్పుడు లేని ఇంట్లో కూర్చోమంటే ఎలా? కిటికీ నుంచి కిటికీకి నడిచేవాణ్ని.

"నాన్నా, కార్పెట్ అరిగిపోతోంది. రేపట్నుంచి నీ మనవరాలితో కోర్టుకి పో," అంది అమ్మాయి.

వెళ్లాను. బెల్టు విప్పించి లోపలికి పంపారు. వెనక బెంచీలో కూర్చున్నాను. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక పెద్దాయన, వయసు చూసి తనను తీసేశారని దావా వేశాడు. ఆయన కొత్త మిషన్ నేర్చుకోలేకపోయాడని కంపెనీ లాయరు వాదించాడు. పెద్దాయన మెడ ఎర్రబడటం వెనకనుంచి నాకు కనిపించింది. అసలు ఆ మిషన్ ఆయనకు ఎవరైనా నేర్పారా? ఒక్కరూ అడగలేదు. ఆయన తరఫు లాయరైనా అడగలేదు. బెంచీ మీద నాకు కాలు నిలవలేదు.

తిరిగి వస్తుంటే కార్లో మనవరాలిని అడిగాను. "నేర్పారా లేదా అన్నది కదా అసలు సంగతి? మీ జడ్జిగారికి తట్టిందా?"

"తాతా, ఆ కేస్ మీదే వర్క్ చేస్తున్నా. నీతో డిస్కస్ చెయ్యకూడదు."

"నీ ముడ్డి కడిగినవాణ్నే! నా దగ్గర దాపరికమా?"

"కడిగినా చెయ్యకూడదు," అంది సిగ్నల్ మీంచి చూపు తిప్పకుండా.

మా దేశంలో పోస్టుకార్డు రాస్తే దాన్నే పిటిషన్‌గా తీసుకున్న పెద్ద కోర్టులున్నాయి. ఒక ఖైదీ కోసం నేనే అలా ఒక కార్డు రాశాను, పని జరిగింది కూడా. ఆ ధైర్యంతోనే జడ్జిగారికి నా ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసి పోస్టు చేశాను. సంతకం కింద 'మీ ఇంటర్న్ తాత' అని చేర్చాను. ఎవరో ఏమిటో చెప్పుకోవడం మర్యాద అనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం మనవరాలు భుజాన బ్యాగు కూడా దించకుండా నా ముందు నిలబడింది.

"తాతా, జడ్జ్‌కి లెటర్ రాసావా?"

"రాశాను. ఏమన్నారు?"

"చదవలేదు. చదవరు. అవతలి సైడ్‌కి తెలీకుండా జడ్జ్‌తో కేస్ గురించి ఎవ్వరూ మాట్లాడకూడదు. నీ లెటర్ కాపీలు ఇద్దరు లాయర్లకీ పంపారు." బ్యాగు దించి కింద పడేసింది. "నేనింక ఆ కేస్‌లో లేను. ఫైవ్ వీక్స్ నుంచీ జడ్జ్ కోసం దాని మీదే మెమో రాస్తున్నా, తాతా."

"ఎవరు తీసేశారు నిన్ను?"

మేడ మీదికి వెళ్లిపోయింది.

అమ్మాయి నా మీద విరుచుకుపడింది. "నీ చెయ్యి ఊరుకోదా నాన్నా? రేపు దానికి ఉద్యోగం కావాలంటే ఆ జడ్జే మంచిమాట రాయాలి. ఇప్పుడేం రాస్తారు?"

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఎవరికీ చెప్పకుండా రెండో ఉత్తరం రాశాను. కేసు గురించి ఒక్క అక్షరం లేదు. తప్పు నాది, శిక్ష నాకు వెయ్యండి అన్నాను. విచారించకుండా ఒక పిల్లను వెలివేయమని ఏ చట్టం చెప్పింది అని అడిగాను. అంత ఘాటుగా నా జన్మలో ఏ అర్జీ రాయలేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఇంట్లో నాకు అన్నం సయించలేదు. మనవరాలు నాతో "పెరుగు ఇటివ్వు" కంటే ఎక్కువ మాట్లాడేది కాదు. పోస్టు బండి మలుపు తిరిగిన శబ్దం వినగానే చెప్పులు కూడా వేసుకోకుండా మెయిల్‌బాక్స్ దగ్గరికి పరుగెత్తేవాణ్ని. కరపత్రాలు, కూపన్లు. మళ్లీ కూపన్లు.

దాని ఇంటర్న్‌షిప్ ఆఖరి వారంలో జవాబు వచ్చింది. వాకిట్లో నిలబడే చించాను. ఆ ఇంగ్లీషును నా తెలుగులో పెడుతున్నాను:

"అయ్యా, మీ మొదటి ఉత్తరం నేను చదవలేదు. రెండోది చదివాను. మీ మనవరాలిని ఎవరూ శిక్షించలేదు. ఆ రోజు టపాలో మీ చేతిరాత గుర్తుపట్టి, కవరు విప్పకుండా నా సహాయకురాలికి అప్పగించి, తనను ఆ కేసు నుంచి తప్పించమని కోరింది ఆమే. అది అవసరమని నేను చెప్పకముందే కోరింది. ఆమె గురించి నన్నెవరు అడిగినా ముందుగా ఈ సంగతే చెబుతాను. ఇదంతా మీకెందుకు చెప్పలేదో మీరు ఆమెనే అడగండి. ఆ తగాదా నా కోర్టు పరిధిలోకి రాదు."