పైడిరాజు బతికిన ఇల్లు

రాజాంలో సముద్రం ఉందంటే నవ్వకండి. ఉంది. ఇత్తడి సామాన్ల లక్ష్మణరావు ఇంట్లో, ముందుగదిలో, మంచమంత గాజుతొట్టిలో ఉంది. ఊళ్లోకి చుట్టాలొస్తే ఎవరైనా గుడికో సినిమాకో తీసుకెళ్తారు. ఆ వీధివాళ్లు మాత్రం ముందు లక్ష్మణరావు గుమ్మం ఎక్కిస్తారు. ఎక్కించి, తొట్టి తామే కట్టించినట్టు, "ఇది మామూలు సేపల తొట్టి కాదు, ఉప్పునీళ్లది" అని వాళ్లే చెప్పేస్తారు. పాపం, ఇంటాయనకు నోరు విప్పే సందు దొరకదు. వీధివాళ్ల మీద ఆయనకున్న కోపం అదొక్కటే.

ఎందుకంటే చెప్పడమంటే లక్ష్మణరావుకు ప్రాణం. తాత పెట్టిన కొట్టు, తండ్రి నిలబెట్టిన కొట్టు. గంగాళం అంచు మీద వేలితో ఓసారి కొట్టి, ఆ మోత విని, దానికి అతుకు ఎక్కడుందో చెప్పేస్తాడు. "తెలీదు" అన్న మాట ఆ గల్లాపెట్టె దగ్గర ఎవరూ విని ఎరగరు. ఆయనకు తెలియనిదేదైనా అడిగారా, పక్కకు తిరిగి నాలుగు బిందెలు అటూ ఇటూ సర్దుతాడు. ఆ చప్పుడు సద్దుమణిగేలోగా జవాబు తయారు. బింకం అంటారా? బింకమే. నలభై ఏళ్లు కొట్లో కూర్చున్న మనిషికి ఆ మాత్రం బింకం లేకపోతే ఎలా?

అలాంటి మనిషికి సముద్రం పిచ్చి విశాఖపట్నంలో పట్టింది. మేనకోడలి పెళ్లికని వెళ్లి, కల్యాణమండపం పక్కనే ఉన్న యుగంధర్ చేపల దుకాణంలోకి ఊరికే తొంగిచూశాడు. పచ్చగా, పసుపుకొమ్ము అరగదీసి పూసినట్టున్న చేప ఒకటి అద్దం దగ్గరికి వచ్చి ఆయన్ను చూసింది. ఆయన దాన్ని చూశాడు. అక్కడ మండపంలో మూడు ముళ్లూ పడ్డాయి, అక్షింతలు పడ్డాయి, భోజనాల బంతులూ లేచాయి. మేనమామ మాత్రం చేపల దుకాణంలోనే ఉన్నాడు. ఆ మాట ఆ మేనకోడలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఇంటికి రాగానే చేసిన ఘనకార్యం వినండి. కళింగపట్నం నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్లు తెప్పించాడు. గాజు మీద నమ్మకం లేక, కొట్లో ఉన్నవాటిలోకెల్లా మేలైన ఇత్తడి గంగాళం తీసి, చింతపండుతో తళతళలాడేలా తోమించి, అందులో పోశాడు. నాలుగు చిన్న రొయ్యల్ని, రెండు చేపల్ని వదిలాడు. మర్నాటికి రొయ్యలు వెల్లకిలా పడ్డాయి. ఆ మర్నాటికి చేపలూ పోయాయి. ఫోన్లో యుగంధర్ ముందు నవ్వాడు, తరవాత చెప్పాడు. ఉప్పునీళ్లు ఇత్తడిని కొరుకుతాయి, అందులోని రాగి నీళ్లలోకి దిగుతుంది, ఆ రాగి ఉప్పునీటి జీవాలకు విషం. ముందు రొయ్యలు పోతాయి, చేపల వంతు ఆ తరవాతే.

ఇత్తడి విషమని మూడు తరాల ఇత్తడి వ్యాపారికి చెప్పారు! ఆ పూట లక్ష్మణరావు అన్నం ముట్టలేదు. కానీ మనిషి వెనక్కి తగ్గే రకం కాదు. గాజుతొట్టి కట్టించాడు, నేర్చుకోవలసిందంతా నేర్చుకున్నాడు, ఇంట్లో ఒక చట్టం పెట్టాడు. ఆ ముందుగదిలోకి ఇత్తడి గరిటె రాకూడదు, రాగి చెంబు రాకూడదు. కొట్టు నిండా ఇత్తడి, ఇల్లంతా ఇత్తడి, ఆ ఒక్క గదిలో ప్లాస్టిక్ మగ్గు. కొట్టుకొచ్చిన వాళ్లు దాని మీద ఎన్ని జోకులు వేశారో లెక్కలేదు.

ఇక ఆయన భార్య కన్యాకుమారి సంగతి. నీచు వాసన పడని ఇంట్లో చేపలేమిటని మొదట్లో ఆవిడ ముందుగది వైపే తొంగిచూడలేదు. విశాఖపట్నం నుంచి ఆ పచ్చచేప వచ్చాక కథ మారింది. అది ఎక్కువగా తినేది ఆకుకూర. ఉడకేసిన పాలకూర వేస్తే అద్దానికి మూతి ఆనించి అడుగుతుంది. ఆవిడ పుట్టిల్లు శ్రీకూర్మం. చిన్నప్పుడు గుళ్లో తాబేళ్లకు ఆకుకూర పెట్టి పెరిగిన పిల్ల. "ఇది మన ఇంటి సేపేనండి, నీచు ముట్టదు" అని తేల్చేసి, దానికి పైడిరాజు అని పేరు పెట్టి, పాలకూర బాధ్యత తను తీసుకుంది. తొట్టిలో మరొకడున్నాడు, ఎర్రచారల రొయ్య. పొడుగాటి మీసాలు ఆడిస్తూ, రాళ్ల మీదా చేపల ఒంటి మీదా ఏదో ఒకటి ఏరుతూనే ఉంటాడు. వాడికి లక్ష్మణరావు పెట్టిన పేరు గుమస్తా.

ఆ పైడిరాజు ఐదేళ్లు బతికాడు. ఈ మధ్య శ్రావణమాసంలో, ఒక శనివారం ఉదయం పోయాడు.

లక్ష్మణరావు లేచి లైటు వేసేసరికి రాయి వెనక పక్కకి ఒరిగి ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు, రంగు తగ్గలేదు. ముందురోజు సాయంత్రం పాలకూర తిన్న చేప. లక్ష్మణరావు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. తరవాత లేచి నీళ్ల వేడి చూశాడు, ఉప్పు చూశాడు, పరీక్ష గొట్టాల్లో తొట్టినీళ్లు పట్టి, చుక్కల మందు వేసి రంగులు చూశాడు. అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. అలా ఉండటమే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది.

కబురు తెలిసి పక్కింటి లక్ష్మణమ్మ వచ్చింది. తొట్టి చూసి, బుగ్గలు నొక్కుకుని, కన్యాకుమారి చెయ్యి పట్టుకుంది.

"ఏడకు వదినా. ఇంటి మీదకొచ్చిన గండం ఆ సేప తీసుకుపోనాది. మంచికే అనుకో."

లక్ష్మణరావుకు ఒళ్లు మండిపోయింది. "మా ఇంటి గండాలు మొయ్యడానికి వాడేటి, కూలికొచ్చినోడా? వాడు పైడిరాజు!" అని కసిరాడు. లక్ష్మణమ్మ మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. అయినా వీధిలో అప్పటికే మాట పాకింది. మధ్యాహ్నానికి కొట్టుకొచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే. ఎలా పోయింది? లక్ష్మణరావు బిందెలు సర్దాడు. మళ్లీ సర్దాడు. ఎంత సర్దినా జవాబు తయారు కాలేదు. కొట్టు కట్టేసి ఇంటికొచ్చేశాడు.

యుగంధర్‌కు ఫోన్ చేశాడు. ఆయన అన్నీ అడిగి, చివరికి అన్నాడు. "రాగి ఏమైనా తగిలిందేమో సూడండి, లక్ష్మణరావుగారూ."

"నా ఇంట్లోనా! ఆ తప్పు ఒక్కసారే సేశాను" అన్నాడు లక్ష్మణరావు. అంటూ తలెత్తేసరికి వంటింటి గుమ్మంలో కన్యాకుమారి నిలబడి ఉంది.

ఫోన్ పెట్టేశాక ఆవిడే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నానే సంపేశానండి."

"ఏటి వాగుతన్నావు?"

"నిన్న శుక్రవారం పూజైనాక ఇంటిల్లిపాదికీ తీర్థం ఇచ్చాను. వాడూ ఇంట్లో వోడే కదా, వాడికి మాత్రం ఎందుకు మానాలి అనిపించినాది. రాగి చెంబుతోటి తెచ్చి తొట్టిలో పోశాను. ఒక్క చెంబే కదా అనుకున్నాను. ఈ తొట్టి ఎవులికైనా ఇచ్చేయండి. ఈ సేతులతోటి నాను మళ్లీ దాని దరికి రాను."

లక్ష్మణరావుకు కోపం వచ్చింది, రాలేదంటే అబద్ధం. ఆ కోపం కిందే ఇంకొకటి కదిలింది, దాన్ని తలుచుకుని తర్వాత ఆయనే సిగ్గుపడ్డాడు. జవాబు దొరికిందన్న నిమ్మళం అది. రాగి. ఇక రేపు వీధిలో తలెత్తుకుని చెప్పొచ్చు. పూజ నీళ్లు పడ్డాయి, రాగి దిగింది, అందుకే పోయింది. లక్ష్మణరావుకు తెలియనిది లేదని మళ్లీ అందరూ అంటారు. కన్యాకుమారి జన్మంతా ఆ చెంబు మోస్తుంది.

ఆయన లేచి తొట్టి దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు వెతికాడు. ఆ తరవాత "ఒసే, ఇలా రా" అని పిలిచాడు.

"నాను రాను."

"రమ్మంటే రావేటి!"

ఆవిడ వచ్చింది. రాయి చాటునుంచి ఎర్రటి మీసాలు రెండు ఆడుతూ బయటికొచ్చాయి. గుమస్తా. ఏమీ ఎరగనట్టు రాయి మీది నాచు ఏరుకుంటున్నాడు.

"సెయ్యి పెట్టు" అన్నాడు లక్ష్మణరావు.

"నా సెయ్యా?"

"నీ సెయ్యే."

ఆవిడ గాజులు మోచేతి మీదకి తోసుకుని చెయ్యి నీళ్లలో పెట్టింది. గుమస్తా కాసేపు ఆలోచించి, ఒక్కొక్క కాలే వేస్తూ ఆ అరచేతి మీదకి ఎక్కాడు. గోళ్ల సందులు శుభ్రం చేయడం మొదలెట్టాడు. కన్యాకుమారికి చక్కిలిగిలి పుట్టింది. ఏడుస్తూనే నవ్వింది.

"గంగాళంలో ముందు పోనాయేటి? రొయ్యలు. రాగి తగిలితే ముందు పోవలసినోడు వీడు. సూడు, నీ గోళ్లు తీస్తన్నాడు. నీ తీర్థం వల్ల పైడిరాజు పోలేదే. నీ సేతుల్లో ఏ తప్పూ లేదు."

"మరి ఎందుకు పోనాడండి?"

లక్ష్మణరావు తొట్టి వైపు చూశాడు. అక్కడ సర్దడానికి బిందెలేవీ లేవు.

"తెలీదు" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం కన్యాకుమారికి అదే మొదలు. చెయ్యి నీళ్లలోనే ఉంచి, ఆయన మొహంలోకి చూసింది. ఈ మనిషి నా కోసం ఎంత పెద్ద మాట అన్నాడో నాకు తెలుసులే అన్నట్టున్న చూపది. అంత గర్వంగా ఆవిడ ఆయన్ను పెళ్లిపీటల మీద కూడా చూసి ఉండదు.

మర్నాడు ఆదివారం. నీళ్ల కోసం కళింగపట్నం వెళ్లే వ్యాను గుమ్మంలోకి వచ్చింది. పైడిరాజును అరటాకులో చుట్టి ఖాళీ డ్రమ్ముల పక్కన పెట్టారు. వాడి నీళ్లలో వాడిని కలిపేయాలని కన్యాకుమారే అంది, తనూ వస్తానంది. చూస్తుండగానే వీధి వీధంతా వ్యాను చుట్టూ మూగింది. అలిగిన లక్ష్మణమ్మ కూడా వచ్చింది. లక్ష్మణరావు చెప్పులేసుకుని కూడా గుమ్మం లోపలే ఆగిపోయాడు. భార్య ఎదుట అన్న మాట వేరు. ఇంతమంది ముందు అనడం వేరు.

"ఇంతకీ ఎలా పోనాది వదినా? అన్నయ్య ఏటన్నారు?" అంది లక్ష్మణమ్మ.

"తెలీదన్నారు" అంది కన్యాకుమారి. గొంతు తగ్గించకుండా, అందరికీ వినపడేలా అంది.

"అన్నయ్యకి తెలీదా!"

"తెలీదు. సముద్రంలో సేప ఎందుకు పోనాదో సముద్రానికే ఎరుక. నిన్నటికాడి నుంచి సూస్తన్నాను, ఎలా పోనాది, ఎలా పోనాది అని ఒకటే అడుగుతన్నారు. సముద్రం ఎక్కడో ఉన్నాది, రాజాం ఇక్కడున్నాది. ఈ ఇత్తడి కొట్టోడి ఇంట్లో ఆ సేప ఐదేళ్లు ఎలా బతికినాదని ఒక్కలూ అడగరేటి?"

లక్ష్మణమ్మే గుమ్మం వైపు తిరిగింది.

"నిజమే కదా. ఎలా బతికినాది అన్నయ్యా?"

లక్ష్మణరావు కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. వ్యాను డ్రైవరు టైమైపోతోందని హారన్ కొట్టాడు.

"ఉండవోయ్" అన్నాడు లక్ష్మణరావు, అరుగు మీద కూర్చుంటూ. "సెప్పనీ."