కొండ కూలుతుందని రాసిన నీలవేణి

నీలవేణి రాసేవన్నీ రాబోయే కాలం కథలు. ఫోన్‌లో రీఛార్జి చేయిస్తేనే వాన కురిసే ఊరు, కొనేవాడి మొహం చూసి రేటు చెప్పే కాఫీ మొక్క, ఇలాంటివి. ఆశ్రమ పాఠశాలలో ఉన్నప్పుడు ఇంటికి ఎప్పుడు పంపుతారో తెలియక వచ్చే రోజుల్ని ఊహించుకునేది. ఆ అలవాటే కథలయింది. పగలంతా అరకులోయలో కాఫీ పండ్ల తొక్క తీసే యంత్రం దగ్గర పని, తీరిక దొరికితే ఫోన్లో రాత. విశాఖపట్నం వాళ్ళు ఒకసారి సభకు పిలిచి, ఫ్లెక్సీ మీద ‘భవిష్యత్ నిపుణురాలు’ అని అచ్చు వేయించారు. ఆ ఫ్లెక్సీని వాళ్ళమ్మ కట్టెల మీద కప్పుకుంటోంది. ఆ బిరుదు అంతకంటే పనికొచ్చిన దాఖలా లేదు.

ఆమె కథల్లో ఊరివాళ్ళు విన్నది ఒక్కటే. కొండ జారి తమ ఊరు కరకగూడ మట్టిలో కలిసిపోయే కథ. ఎప్పుడో నలభై ఏళ్ళ తర్వాతి మాటగా రాసింది. ఎవరో దాన్ని ఆడియో చేసి వదిలితే ఊళ్ళో ప్రతి ఫోన్లోనూ మోగింది. ఊరి పేరు మార్చకపోవడం ఆమె చేసిన తెలివితక్కువ పని. సొంత ఊరి పేరు అచ్చులో చూసుకోవాలన్న మురిపెం.

అక్టోబరులో తుఫాను పట్టింది. వాన తెరిపి ఇవ్వకుండా దంచుతుంటే ఊరు ఊరంతా ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది. అందరికంటే ముందు దిసారి ధర్మ. విత్తనానికీ పెళ్ళికీ మంచిరోజు చూసేది, గింజలు వేసి జరగబోయేది చెప్పేది ఆ ముసలాయనే.

"కొండ కూలతాదని సెప్పినావు. మరి ఇరుగుడేటి?" అన్నాడు.

"అది కథ తాతా. నా బుర్రలోంచి పుట్టింది."

"నాకు మాత్రం ఎక్కడినుంచి పుడతాది గుంటా? సెడు సెప్పినోళ్ళు ఇరుగుడు సెప్పకుండా లెగకూడదు. అది మన కట్టు. నా గింజలకేటీ అందడం నేదు. నువ్వు సెప్పు."

నీలవేణి రాసిన కథలో విరుగుడు లేదు. అందరూ చచ్చిపోతారు, చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, అంతే. ఉత్త కథేనని గట్టిగా అంటే అందరూ ఇళ్ళకు పోతారు. ఆ మాట నోట రాలేదు. ఎందుకంటే కథలో కొండ జారేముందు నేల మీద పడే బీట ఆమె కల్పించింది కాదు. పై కాఫీ తోటలో నిజంగానే ఉంది. పొద్దున వెళ్ళి చూసి వచ్చింది. నిరుడు చెయ్యి దూరే బీటలో ఇప్పుడు కాలు దిగబడుతోంది. వాన నీళ్ళు గటగటా లోపలికి పోతున్నాయి, కింద ఎక్కడా బయటికి రావడం లేదు.

అలాగని వెళ్ళిపొమ్మనడం తేలికా? అవతలి గట్టు మీది బడికి చేరాలంటే కొండవాగు, ఆ గెడ్డ దాటాలి. అది అప్పటికే నడుముల దాకా పారుతోంది. ఇంకాసేపు ఆగితే దాటే మాటే ఉండదు. ఉండమంటే కొండ, వెళ్ళమంటే గెడ్డ. కథల్లో ఎన్ని ఊళ్ళను ముంచినా ఏనాడూ ఆమె రెండోసారి ఆలోచించలేదు. ఇప్పుడు ఒక్క ఊరి దగ్గరే ఆగిపోయింది.

పక్కింటి సోని విసుక్కుంది. "బేగి సెప్పక్కా, ఏటి సేత్తన్నావు? పిల్లలు నానిపోతన్నారు."

"నాకు తెల్దు," అంది నీలవేణి. "కూలొచ్చు, కూలకపోవొచ్చు. నేనైతే ఈ కొండ కింద ఉండను. దాటేద్దాం, ఇప్పుడే."

గెడ్డకు అడ్డంగా మోకు కట్టారు. సోని మేకల్ని పట్టుకుంటే, సోని కూతుర్ని నీలవేణి మెడ మీద ఎక్కించుకుంది. నడిగెడ్డలో కాలి కింద రాయి జారింది. నీళ్ళు ఒక్కసారిగా గడ్డానికి వచ్చాయి. పిల్ల ఆమె జుట్టు పట్టుకుని కెవ్వుమంది. ఈ పిల్ల పోతే చంపింది నేనే అన్న ఆలోచన తప్ప ఆమె బుర్రలో ఇంకేమీ లేదు. వెనకనుంచి ధర్మ రెక్క పట్టుకుని నిలబెట్టాడు. మనుషులంతా దాటారు. సోని మేకలు రెండూ కొట్టుకుపోయాయి.

మర్నాటికి వాన వెలిసింది, గెడ్డలో నీళ్ళు తీశాయి. అందరూ ఊరిదారి పట్టారు. మలుపు తిరగగానే నీలవేణి తలెత్తి చూసింది. కొండ నిక్షేపంలా ఉంది. ఒక్క మట్టిపెళ్ళ కూడా రాలలేదు.

"కొండ ఎక్కడికీ పోనేదు గదక్కా. నా మేకలేవీ?" అంది సోని. మిగతావాళ్ళు ఏడాది తిండికని దాచుకున్న చోళ్ళు, ఆ రాగులన్నీ నానిపోయిన బస్తాల ముందు నిలబడి ఆమెకేసే చూశారు.

నీలవేణి తన ఇంటి అరుగు మీద కూలబడింది. పైకి చెప్పుకోలేనిది ఇంకొకటి ఆమెను లోపల కొరుకుతోంది. కొండను చూసిన క్షణాన ఆమెకు సంతోషం కలగలేదు. కూలి ఉంటే బాగుండును అనిపించింది. తన మాట నిలబడితే చాలనుకుంది. ఇల్లు పోతే అమ్మ ఎక్కడ ఉంటుందన్నది కూడా గుర్తు రాలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

ధర్మ వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"కూలనేదని బాధా?" అన్నాడు మెల్లగా.

ఆమె తల దించుకుంది.

"నాకూ వొచ్చింది. ఒకపాలి ఒక మనిసి సచ్చిపోతాడన్నాను. ఆడు లెగిసి తిరిగితే నాకు కూడు సయించనేదు."

"అప్పుడేటి సేసినావు తాతా?"

"ఏటి సేత్తాను? గింజల్లో సెడు కనపడినప్పుడల్లా మళ్ళీ సెప్పినాను. మళ్ళీ వోన పట్టినప్పుడు నువ్వూ సెప్తావు. అయితే తిరిగొచ్చినప్పుడు ముందుగా కొండకేసి సూడకు. మనుసులకేసి సూడు."

నీలవేణి తలెత్తింది. సోని కూతురు వాకిట్లో కూర్చుని బురద పిసుకుతోంది. ఆ పిల్ల బతికి ఉందని ఆమె అప్పుడు చూసింది. ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది.